నూట పన్నెండో నంబరావిడ

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో గొడవ ఒక్క అక్షరం దగ్గర మొదలైంది. వంటింటి అరలో రెండో వరసలో మూడో స్టీలు డబ్బా మూత మీద తెల్లచీటీ ఉంది. దాని మీద నల్లసిరాతో గుండ్రంగా "ప" అని రాసి ఉంది. రాసింది ఇల్లాలు. ఆ డబ్బా అడుగున రెండు గుప్పెళ్ళ పంచదార ఉండగా, మూత తీసి, లోపలికి తొంగి చూడకుండా, దుకాణం నుంచి తెచ్చిన కిలో పప్పు దాని మీద గుమ్మరించింది ఇంటాయన.

"'ప' అంటే పంచదార. ఈ ఇంట్లో పదహారేళ్ళుగా అంతే," అంది ఇల్లాలు.

"పప్పుకి మొదటక్షరం ఏదో చెప్పు మరి," అన్నాడాయన.

"పప్పుల డబ్బాల మీద అది ఏ పప్పో రాసి ఉంటుంది. 'కం' అంటే కంది, 'పె' అంటే పెసర."

"'కం' అంటే కంగారు అనుకున్నాను. ఈ వంటింట్లోకొస్తే నాకు కలిగేది అదే."

పదో తరగతి చదివే కూతురు కిసుక్కున నవ్వింది. దాంతో ఇల్లాలికి ఒళ్ళు మండింది. తెలియని అక్షరం కనిపిస్తే అడగాలనీ, అడగడానికి నామోషీ అయితే మూత తీసి లోపల ఏముందో చూసుకోవాలనీ, తమకు తోచిన అర్థం తామే చెప్పేసుకుని ఒంపేయడం చదువుకున్నవాళ్ళ లక్షణం కాదనీ చెప్పింది. ఒక్కో ముక్కా విడదీసి, గదిలో ఉన్న అత్తగారికి కూడా వినపడేలా చెప్పింది. అంత స్పష్టంగా చెప్పకుండా ఉంటే బాగుండేదని మంగళవారానికల్లా ఆవిడకే అనిపించబోతోంది. కానీ ఆదివారం నాడు ఆ సంగతి ఆవిడకేం తెలుసు?

డబ్బా బాగుచెయ్యడానికి ఎవరూ పూనుకోలేదు. తప్పు చేసినవాళ్ళే జల్లించాలని ఆవిడ, తప్పు అక్షరానిదని ఆయన. ఆ డబ్బా భోజనాల బల్ల మీద సాక్ష్యంలా కూర్చుండిపోయింది.

బంధువుల్లో ఆవిడకు "దిద్దుళ్ళమ్మ" అని పేరు. ఎదురుగా అనరు గానీ, ఆవిడకు తెలుసు. తెలిసి లోపల్లోపల కాస్త మురిసిపోతుంది కూడా. డిగ్రీలో జంతుశాస్త్రం చదివింది. మార్కుల జాబితాలో తన ఇంటిపేరులో దీర్ఘం పోయిందని ఎండలో మూడుసార్లు తిరిగి దాన్ని పెట్టించుకుంది. శుభలేఖ చేతికొస్తే పెళ్ళికూతురి పేరుకన్నా ముందు అచ్చుతప్పు కనిపిస్తుంది. కనిపిస్తే ఊరుకోదు, ఫోన్ చేసి చెబుతుంది. తోడికోడలు తన కొడుకు పెళ్ళి శుభలేఖను, పెళ్ళి అయిపోయిన మర్నాడు ఈవిడకు పంపింది. అందులో రెండు తప్పులున్నాయి.

ఇలాంటి మనిషికి తగిన ఉద్యోగం ఈ భూమ్మీద ఒకటుందని పోయినేడాది తెలిసింది. జబ్బుల మీద పరిశోధనలు చేసేవాళ్ళు చిట్టెలుకల్ని పెంచుతారు. ఏ ఎలుక ఏ ఎలుకకు పుట్టింది, దాని జన్యువుల్లో ఏ మార్పుంది, ఏ వంశానికి ఏ జబ్బు వస్తుంది, ఇవన్నీ ఆన్‌లైన్‌లో ఒక పెద్ద డేటాబేస్‌లో పెడతారు. ఎక్కడి పరిశోధకులైనా దాన్ని చూసి, తమ పనికి పనికొచ్చే వంశాన్ని ఎంచుకుంటారు. మూతపడిన ఒక పాత ప్రయోగశాల వాళ్ళ చేతిరాత రిజిస్టర్లను ఫొటోలు తీసి ఉంచారు. వాటిని చదివి, వరసవరసా ఆ డేటాబేస్‌లోకి ఎక్కించడానికి ఇంట్లో కూర్చుని పనిచేసేవాళ్ళు కావాలన్నారు. పరీక్ష పెట్టారు. ఇచ్చిన పేజీలో ఇరవై తప్పులున్నాయి, పట్టుకోవాలి. ఈవిడ ఇరవైమూడు పట్టింది. మిగతా మూడూ ప్రశ్నపత్రంలోవి.

ఉద్యోగం వచ్చింది. పడకగది కిటికీ పక్కన కూతురి పాత చదువుల బల్ల, దాని మీద కంప్యూటర్, పక్కన ఎర్రకలం. తెర మీద దిద్దడానికి ఎర్రకలం ఎందుకని కూతురు అడిగింది. ధైర్యానికి అంది ఈవిడ.

పనితో పాటు "ముందు ఇది చదవండి" అని ఒక ఫైలు పంపారు. ఈవిడ అది తెరవలేదు. అలాంటివి పంచదార డబ్బాలో పప్పు పోసే మనుషుల కోసం రాస్తారని ఆవిడ అభిప్రాయం.

సోమవారం ఒక ఉత్తరం వచ్చింది. డేటాబేస్‌లో ప్రతి వంశం పేజీ కిందా ప్రశ్నలడగడానికి ఒక గడి ఉంటుంది. అందులో తెలుగులోనే రాసింది ఎవరో పరిశోధక విద్యార్థిని. కండరాలు రోజురోజుకీ చచ్చుబడిపోయే ఒక జబ్బు మీద ఆ అమ్మాయి పనిచేస్తోంది. ఆ జబ్బు తల్లి నుంచే బిడ్డకు వస్తుందనీ, తండ్రి నుంచి రావడం ఎవరూ ఎరగరనీ, పాఠ్యపుస్తకాలన్నీ అదే చెబుతాయనీ రాసింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో లోపం అది. మైటోకాండ్రియా వచ్చేది తల్లి వైపు నుంచే. అయితే మీరు ఎక్కించిన బూడిదరంగు వంశంలో మాత్రం పదకొండు తరాలుగా జబ్బు తండ్రి నుంచే వస్తున్నట్టు కనిపిస్తోందంది. తల్లికి జబ్బున్నా పిల్లలు బాగానే ఉన్నారు, తండ్రికుంటే ప్రతి పిల్లకీ ఉంది. మూడుసార్లు లెక్కచూసిందట. నిజమైతే పుస్తకాలు తిరగరాయాలి. గురువారం పొద్దున పెద్ద సభలో ఈ విషయం మీదే మాట్లాడబోతోంది, అదే మొదటిసారి మాట్లాడటం. దయచేసి రిజిస్టర్‌తో మరొక్కసారి పోల్చి చెప్పండి, మీ మాట మీదే ఆధారపడుతున్నాను, అని ముగించింది.

ఆ ఆఖరి వాక్యం ఇల్లాలిని నిలువునా ముంచేసింది. పదహారేళ్ళుగా ఆవిడ మాట మీద ఆధారపడ్డానన్న మనిషి లేడు. ఇంటాయనైతే ఆవిడ అక్షరం మీద ఆధారపడి ఇప్పుడు బల్ల మీదున్న దుస్థితి తెచ్చాడు.

మధ్యాహ్నమంతా కూర్చుని బూడిదరంగు వంశం రిజిస్టర్ పేజీలన్నీ పోల్చింది. రిజిస్టర్లో తల్లిదండ్రుల నంబర్లకు డి, ఎస్ అని రెండు గడులున్నాయి. డి గడిలో ఏముందో తెర మీద అదే ఉంది. ఎస్ గడిలో ఏముందో అదే ఉంది. ఒక్క అంకె తేడా లేదు. జవాబు రాసింది: "ప్రతి అక్షరం పోల్చి చూశాను. రిజిస్టర్‌కూ దీనికీ తేడా లేదు. మీరు నిశ్చింతగా ఉండవచ్చు." ఉండవచ్చును అనాలా, ఉండవచ్చు అనాలా అని అయిదు నిమిషాలు ఆలోచించింది. అసలు ఆలోచించాల్సింది వేరే ఉందని తట్టలేదు.

సాయంత్రం పిల్లను పిలిచి, మీ అమ్మ చేతి మీదుగా పాఠ్యపుస్తకాలు మారబోతున్నాయని చెప్పింది. పదో తరగతి వాళ్ళవి ఈ ఏడాదే మార్చకుండా చూడమంది పిల్ల.

మంగళవారం మధ్యాహ్నం అత్తగారికి విసుగొచ్చింది. బల్ల మీద డబ్బా పెట్టుకుని మొగుడూ పెళ్ళాం మూడో రోజు కూడా ముఖాలు తిప్పుకుంటుంటే చూడలేక, జల్లెడా పళ్ళెమూ తీసుకుని పడకగదిలో కిటికీ వెలుతురులో కూర్చుని తనే జల్లించడం మొదలుపెట్టింది. ఆవిడ పెద్దాసుపత్రి ప్రసూతి వార్డులో ముప్ఫై రెండేళ్ళు నర్సు. పుట్టిన ప్రతి బిడ్డనూ రిజిస్టర్లో రాసిన చెయ్యి. కోడలి ఉద్యోగం ఆవిడకు భలే ఇష్టం. ఎలుకల్ని ఎలుకలనదు, ఆవిడ, ఈవిడ అంటుంది. అన్నం తింటూ కూడా, ఎనభై నాలుగో నంబరావిడ బాగా చిక్కిపోయిందన్నావు, మళ్ళీ కాన్పయిందా అని అడుగుతుంది.

కోడలు సోమవారం నాటి ఉత్తరం కథ చెప్పింది. కాస్త పొడిగించి చెప్పింది. జబ్బున్న ఇంట్లో జబ్బు లేని పిల్లల్ని కన్న ఘనురాలు నూట పన్నెండో నంబరావిడ అని, బూడిదరంగు వంశానికంతటికీ ఆవిడే మూలపుటమ్మ అని చెప్పింది.

"ఎన్ని కాన్పులు పాపం?" అంది అత్తగారు.

కోడలు మరో పేజీ తెరిచింది. పుట్టిన తేదీలు వేరే పేజీలో ఉంటాయి, నొక్కితేగానీ తెరుచుకోవు. "మూడో తారీఖున ఏడు పిల్లలు, నాలుగో పంజరం. అయిదో తారీఖున ఆరు, తొమ్మిదో పంజరం. ఆరో తారీఖున ఎనిమిది, రెండో పంజరం. తొమ్మిదిన…"

జల్లెడ ఆగింది.

"ఆగమ్మాయ్. అన్నీ ఒకే నెలా?"

"ఒకే నెల అత్తయ్యా."

"ఎలుక ఎన్నాళ్ళు మోస్తుందన్నావు?"

"ఇరవై రోజులు."

"మరి వారం రోజుల్లో నాలుగు గదుల్లో నాలుగు కాన్పులేంటి? ఒక గదిలో కని, లేచి పక్క గదిలోకెళ్ళి కందా? మా వార్డులో అయితే ఇలా రాసిన పిల్లని మేట్రన్ నిలబెట్టి అడిగేది." అత్తగారు పళ్ళెంలో రాలిన పంచదారను వేలితో ఒక పక్కకు నెట్టింది. "ఆవిడ కాదమ్మాయ్. ఆయన."

కోడలు నూట పన్నెండు వంక చూసింది. తర్వాత తొంభై ఏడు వంక చూసింది. ఆ ఆవిడా ఒకే వారంలో మూడు పంజరాల్లో కన్నది. నూట నలభై, అదీ అంతే. వంశంలో ప్రతి మహాతల్లీ ఊరంతా తిరుగుతూ కంటోంది. ప్రతి తండ్రీ మాత్రం బుద్ధిగా నెలకొక్కసారి, ఒకే పంజరంలో, బిడ్డల్ని కంటున్నాడు.

అప్పుడు తెరిచింది, "ముందు ఇది చదవండి". చాలా చిన్న ఫైలు. మొదటి వాక్యం: డి అంటే డామ్, తల్లి. రెండో వాక్యం: ఎస్ అంటే సైర్, తండ్రి. పశువుల్ని పెంచేవాళ్ళు వాడే పాత మాటలవి. ఫైలు అంతే. చదవడానికి పట్టింది పది సెకన్లు.

ఇక్కడ ఆవిడ మీద జాలిపడేవాళ్ళు కాసేపు ఆగాలి. ఏడాది కిందట మొదటి పేజీ తెరిచినప్పుడు ఆ బుర్రలో ఏం జరిగిందో తెలుసుకున్నాక పడితే మంచిది. గడి మీద డి అని ఉంది. డి అంటే డాడీ, ఇంకేముంటుంది అనుకుంది. మరి పక్క గడి మీద ఎస్ ఉందే? ఒక్క క్షణం ఆలోచించింది. ఎస్ అంటే స్త్రీ. అద్భుతంగా అతికింది. ఒకే పట్టికలో ఒక గడి ఇంగ్లీషులోనూ, దాని పక్క గడి తెలుగులోనూ ఎందుకుంటాయన్న అనుమానం ఆ మహా పరిశీలకురాలికి రాలేదు. ఇంట్లో మాట్లాడే భాషా అలా కలగాపులగమే కదా మరి. పైగా ఆ రిజిస్టర్ రాసినవాళ్ళలో తెలుగు ముక్క వచ్చినవాడు ఒక్కడైనా ఉన్నాడో లేడో.

రిజిస్టర్లో ఎలుకలకు నంబర్లే తప్ప ఆడామగా అని రాసి లేదు. తల్లి గడిలో పడితే ఆడది, తండ్రి గడిలో పడితే మగది అని కంప్యూటరే వేసుకుంటుంది. అలా ఈవిడ చేతిలో పదమూడు వందల నలభై వరసల్లో తల్లులంతా తండ్రులూ, తండ్రులంతా తల్లులూ అయ్యారు. అందులో ఒక్క అంకె పొరపాటు లేదు. అంత నిర్దోషంగా తప్పు చెయ్యడం అందరివల్లా కాదు.

"అడగాల్సింది," అంది కోడలు, తనలో తను.

"మూత తీసి చూసినా సరిపోయేది," అంది అత్తగారు. ఆదివారం నాటి పాఠం ఆవిడకు బాగానే వినపడింది.

వెంటనే పర్యవేక్షకుడికి ఫోన్ చేసింది. ఆయన నెమ్మదస్తుడు, కోపం వచ్చినా మేడమ్ అనే మాట వదలడు. విన్నాడు. దీర్ఘంగా ఊపిరి తీశాడు. ఒక్క తప్పే కదా మేడమ్ అన్నాడు. ఒక్క తప్పేనండీ, పదమూడు వందల నలభై సార్లు, అంది ఈవిడ. అప్పుడాయన మార్గం చెప్పాడు. దిద్దుబాటు పేజీలో "కారణం" అని ఒక గడి ఉంటుంది. అందులో "సాంకేతిక లోపం" అని ఎంచుకుంటే ఎవరి పేరూ పడదు. నెలాఖరున మిగతా మార్పులతో కలిపి గుట్టుగా మారిపోతుంది. "దిద్దేవారి తప్పు" అని ఎంచుకుంటే అది అప్పటికప్పుడే వంశం పేజీ మీదికి ఎక్కుతుంది. దిద్దినవాళ్ళ పేరుతో, ఏం జరిగిందో వివరంతో. ఆ వంశం వివరాలను ఆన్‌లైన్ నుంచి దించుకున్న ప్రతి ప్రయోగశాలకూ ఉత్తరం వెళుతుంది. ఇప్పటికి పంతొమ్మిది దించుకున్నాయి. ఆ మాట పేజీ మీద ఎప్పటికీ ఉంటుంది, చెరపడానికి కుదరదు. ఇన్ని వరసల తప్పు పేరు మీద పడ్డాక పని కొనసాగించాలా వద్దా అనేది పైవాళ్ళు చూస్తారు. నేనైతే సాంకేతిక లోపమనే అంటాను మేడమ్, మీలాంటి శ్రద్ధ గల మనిషిని పోగొట్టుకోవడం నాకిష్టం లేదు, అన్నాడు.

శ్రద్ధ అన్న మాట దగ్గర ఆవిడ చెవులు వెచ్చబడ్డాయి.

నెలాఖరుకి పద్దెనిమిది రోజులుంది. గురువారానికి ఒక్కటే.

మంగళవారం సాయంత్రమంతా ఆవిడ మధ్యేమార్గాల కోసం వెతికింది. ఆ అమ్మాయికి మాత్రం విడిగా రెండు ముక్కలు రాసేస్తే? "ఈ వంశం గురించి గురువారం మాట్లాడకండి" అని. ఎందుకని అడుగుతుంది కదా. ఎందుకో చెప్పకపోతే తన గురువు దగ్గర ఏమని చెప్పుకుంటుంది? తక్కిన పద్దెనిమిది చోట్లా ఈ పద్దెనిమిది రోజుల్లో ఎన్ని ఎలుకల్ని తప్పుగా జతచేసి, ఎన్నింటిని ఊరికే చంపుతారు? అయినా ఒకటి రాసి చూసింది. మూడు పేజీలొచ్చింది. మొదటి పేజీ పాత రిజిస్టర్ల చేతిరాత ఎంత అధ్వాన్నమో చెప్పింది. రెండో పేజీ పొట్టి అక్షరాలు వాడే దురలవాటును ఖండించింది. మూడో పేజీలో, చిట్టచివర, "కొన్ని గడులు తారుమారయ్యాయి" అని ఉంది. ఎవరు తారుమారు చేశారో వాక్యంలో లేదు. గడులే లేచి అటూ ఇటూ మారి కూర్చున్నట్టుంది. పిల్ల ఎక్కాల పుస్తకం చించుకుని, పుస్తకం చిరిగిందని చెప్పిన రోజున ఈవిడే దాని చెవి మెలేసింది.

ఇంటాయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆరింటికి వచ్చి, గ్రీజు చేతులు కడుక్కుంటుంటే, మూడు రోజుల మౌనం తర్వాత భార్య తువ్వాలు తెచ్చి ఇచ్చింది. ఆయన తువ్వాలు వంకా భార్య వంకా చూసి, ఏం కొంప మునిగిందన్నాడు. చెప్పింది. డాడీ దగ్గర ఆయన ముఖం మామూలుగానే ఉంది. స్త్రీ దగ్గర తువ్వాల్లో ముఖం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వండి. పూర్తిగా నవ్వేసి రండి."

"లేదులే." తువ్వాలు తీశాడు. "నీ ఫోన్ పెద్దమనిషి చెప్పినట్టు సాంకేతిక లోపం అంటే ఏమవుతుంది?"

"నా పేరు రాదు."

"అది సరే. చదివినవాడికి ఏం తెలుస్తుంది?"

ఆయన తన అలవాటైన నిదానంతో తన పని గురించి చెప్పాడు. ప్రతి లిఫ్టు యంత్రం గదిలోనూ గోడకు ఒక పుస్తకం వేలాడుతుంది. ఎవరు ఏ మరమ్మతు చేసినా, ఏ తప్పు చేసినా అందులో రాసి సంతకం పెట్టాలి. ఆయన చేరిన కొత్తలో ఒకచోట ఎర్రతీగా గోధుమరంగు తీగా అటుదిటూ ఇటుదటూ కలిపేశాడు. మూడో అంతస్తు నొక్కితే లిఫ్టు కిందికి పోయేది. ఆ మాటే పుస్తకంలో రాశాడు. ఇరవై ఏళ్ళయినా ఆ పేజీ అక్కడే ఉంది, కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ చదివి నవ్వుకుంటాడు.

"సిగ్గుగా ఉండదా?"

"ఉంటుంది. కానీ సాంకేతిక లోపం అని రాస్తే, తర్వాత వచ్చినవాడు పెట్టె మొత్తం విప్పుకోవాలి. రెండు తీగలు మార్చేశానని రాస్తే ఆ రెండే చూసుకుని ఇంటికి పోతాడు." తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "నీదీ రెండు తీగలేగా."

ఆవిడకు ఆ రాత్రి అన్నం సయించలేదు. పదహారేళ్ళుగా ఆ మనిషికి మూతలు పెట్టడం, డబ్బాలు గుర్తుపట్టడం, తడి తువ్వాలు ఆరెయ్యడం నేర్పుతూ వచ్చింది. ఆయన పనిలో ఇలాంటి పుస్తకం ఒకటుంటుందని ఏనాడూ అడగలేదు.

బుధవారం పొద్దున మళ్ళీ బల్ల ముందు కూర్చుంది. నిజమే, రెండు తీగలే. అంకెలన్నీ సరైనవే, తేదీలన్నీ సరైనవే. తల్లి అన్నచోట తండ్రి అనీ, తండ్రి అన్నచోట తల్లి అనీ చదువుకుంటే పంతొమ్మిది ప్రయోగశాలల వాళ్ళూ ఒక్క నిమిషంలో తమ కాగితాలు తామే బాగుచేసుకోగలరు. కానీ ఆ ముక్క వాళ్ళకు తెలియాలి. తెలియాలంటే డాడీ సంగతీ స్త్రీ సంగతీ రాయాలి. ఇక్కడే ఆవిడ ఆగిపోయింది. పేరు పోతే పోనీ అనుకోగలిగింది. ఉద్యోగం కూడా పోతే పోనీ అనుకోగలిగింది, కాస్త కష్టం మీద. కానీ తెలివితక్కువతనం ఇంత పరిశుభ్రంగా అచ్చులో, తన పేరు పక్కన, చెరగకుండా! ఎర్రకలం తీసి సొరుగులో పెట్టింది. మళ్ళీ తీసింది. మళ్ళీ పెట్టింది.

మధ్యాహ్నం ప్రశ్నల గడిలో ఆ విద్యార్థిని నుంచి ఒక చిన్న వాక్యం వచ్చి ఉంది. మీ జవాబు చూశాక ధైర్యం వచ్చింది, ఈ రాత్రి నిద్రపోగలను, కృతజ్ఞతలు.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. అందులో ఒక కామా తప్పు ఉంది. జీవితంలో మొదటిసారి దాన్ని ఏమీ అనాలనిపించలేదు.

ఏడింటికి నలుగురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. బల్ల ఖాళీగా, విశాలంగా ఉంది. అత్తగారు పప్పు ఒక డబ్బాలోనూ పంచదార ఒక గిన్నెలోనూ వేరుచేసి, "ప" చీటీ ఉన్న డబ్బాను కడిగి బోర్లించింది. ఇల్లాలు అందరికీ వడ్డించింది, తను కూర్చుంది, అన్నంలో చెయ్యి పెట్టింది, తీసేసింది.

"దిద్దేవారి తప్పు అని పెట్టాను," అంది. "ఇందాకే. పేరు నాదే."

పిల్ల ముందు తేరుకుంది.

"కారణం కూడా రాశావా అమ్మా?"

"రాశాను. డి అంటే డాడీ అనుకున్నాను అని."

"మరి రెండోది?"

"అదీ రాశాను. వాళ్ళకు అర్థం కాదని స్త్రీ అంటే మా భాషలో ఆడమనిషి అని కూడా పక్కన వివరించాను." పిల్ల కంచంలో మరికాస్త కూర వేసింది. "తప్పు రాసేటప్పుడు కూడా వివరం లేకుండా రాయలేను, ఏం చెయ్యను."

"పంతొమ్మిది చోట్ల చదువుతారు," అంది పిల్ల, గౌరవంగా.

"ఆ అమ్మాయికి ప్రత్యేకంగా రాశాను. సోమవారం నేను ఖాయంగా చెప్పిన మాట తప్పనీ, అక్షరాలు పోల్చానే గానీ అర్థం పోల్చలేదనీ. ఎంత కోపమొస్తుందో ఏమో. తను మాత్రం రేపు అక్కడ నిలబడి అబద్ధం చెప్పదు."

ఇంటాయన తలెత్తలేదు. గ్లాసులో నీళ్ళు పోసి ఆవిడ ముందుకు జరిపాడు. ఆయన దగ్గర అది చాలా పెద్ద మాట.

"పని ఉంటుందంటావా?" అంది అత్తగారు.

"నాకు తెలీదత్తయ్యా. వారంలో చెబుతారట. ఉన్నా లేకపోయినా రేపు పొద్దున మొదటి పేజీ నుంచి మొదలుపెడతాను. పదమూడు వందల నలభై. గడులు మార్చడం కంప్యూటర్‌కి ఒక్క నొక్కు అంట, కానీ నేను ఒక్కోటీ చూస్తాను. మీరు పక్కన కూర్చుని తేదీలు వినాలి. వింటారా?"

"వినక? నూట పన్నెండో నంబరాయన పెళ్ళాలు నలుగురూ ఎవరెవరో నాకూ తెలియాలి," అంది అత్తగారు. ఆవిడ ముఖంలో ఉద్యోగం మళ్ళీ వచ్చినంత కళ ఉంది.

ఇల్లాలు ముద్ద కలుపుతూ, ఎవరి వంకా చూడకుండా, రెండో సంగతి చెప్పింది. వంటింట్లో డబ్బాల మీది పొట్టి అక్షరాలన్నీ తీసేస్తున్నాననీ, ఇకమీదట పూర్తి పేర్లు ఉంటాయనీ, అవి ఆయనే రాస్తారనీ చెప్పింది.

"నేనా?" అన్నాడాయన. "నా అక్షరాలు బాగుండవు. నువ్వు దిద్దుతావు."

"దిద్దను."

కూతురూ నాయనమ్మా ఒకరినొకరు చూసుకున్నారు.

"పెద్ద తప్పులైతేనే దిద్దుతాను," అంది ఇల్లాలు.